తెలిసినదీ, రుజువైనదీ: శీతలప్రాంత అపరాధ పరిశోధక నవల – హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల దృష్టితో పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:

మంచు కురిసే, జనసంచారం పలుచగా ఉండే దూరప్రాంతాల నేపథ్యంలో వచ్చిన అపరాధ పరిశోధక నవలల్లో వాతావరణం ఉత్కంఠను పెంచే అలంకారమన్న అభిప్రాయం సాధారణంగా వినిపిస్తుంది. డేనిష్ రచయిత పీటర్ హోయ్ 1992లో ప్రచురించిన నవల ఆధారంగా ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ నవలలో మంచు ఒక జ్ఞానవ్యవస్థ. ఆ జ్ఞానం ఉన్నవారికి నిజం తెలుస్తుంది, అయితే అధికార వ్యవస్థ దృష్టిలో అది సాక్ష్యం కాదు. తెలియడానికీ రుజువు కావడానికీ మధ్య ఉన్న ఈ దూరమే నవలలోని అసలు రహస్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇదే దృష్టితో తెలుగు అపరాధ పరిశోధక నవలలో స్థలానికి దక్కిన చోటునూ, రాయలసీమను ‘ఫాక్షన్’ సూత్రానికి కుదించడం వల్ల కలిగిన నష్టాన్నీ చర్చిస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల శ్రమజీవనంలో ఇటువంటి నవలకు ఉన్న అవకాశాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అపరాధ పరిశోధక నవల, స్థలం, సాక్ష్యం, రాయలసీమ, ఫాక్షన్, పీటర్ హోయ్, నేల చదువు.

1. ఉపోద్ఘాతం:

అపరాధ పరిశోధక నవల తెలుగు విశ్వవిద్యాలయాల పరిశోధనల్లో తగిన చోటు పొందని ప్రక్రియ. కాలక్షేప సాహిత్యమన్న ముద్ర ఇందుకు ఒక కారణం. ఈ ప్రక్రియను కథాసంవిధానం, ఉత్కంఠ అనే రెండు అంశాలకే పరిమితం చేసి చూడడం మరొక కారణం. హంతకుడు ఎవరో తెలిసిన తరువాత నవలలో మిగిలేది ఏమిటన్న ప్రశ్న వేసుకున్నప్పుడే ఈ ప్రక్రియలోని సామాజిక పార్శ్వం కనబడుతుంది.

ప్రతి అపరాధ పరిశోధక కథా కొన్ని ప్రశ్నలకు తనదైన సమాధానం ఇస్తుంది. నిజం చెప్పే అర్హత ఎవరికి ఉంది? ఎవరి మాట ఆధారంగా నిలుస్తుంది? ఎవరి మాట వదంతిగా మిగిలిపోతుంది? నగర నేపథ్యంలో ఈ ప్రశ్నలు పైకి తేలవు. పోలీసు స్టేషను, ప్రయోగశాల, పత్రికా కార్యాలయం అన్నీ దగ్గరే ఉంటాయి. కథ దూరప్రాంతానికి మారినప్పుడు, ఆ ప్రాంతానికి సొంత జ్ఞానమూ సొంత భాషా ఉన్నప్పుడు ఈ ప్రశ్నలు తప్పించుకోలేనివి అవుతాయి. శీతలప్రాంత నవలల ప్రాముఖ్యం ఇక్కడే ఉంది. వానలు కరువైన మెట్టప్రాంతపు పాఠకుడికి ఈ నవలలతో ఉన్న సంబంధమూ ఇక్కడే మొదలవుతుంది.

2. బయటి నుంచి వచ్చిన పరిశోధకుడు:

ఈ కోవలో తొలితరం ఉదాహరణ ఆర్థర్ కానన్ డాయిల్ రాసిన ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ (1902). ఇంగ్లండు నైరుతి దిక్కున ఉన్న డార్ట్‌మూర్ బీడుభూములు ఈ నవలకు రంగస్థలం. పొగమంచు, దిగబడితే పైకి రానివ్వని బురదనేల, పాతరాతి గుడిసెలు, రాత్రిపూట వినిపించే అరుపు అన్నీ కలిసి ఒక శాపగాథకు ఊపిరి పోస్తాయి. లండన్ నుంచి వచ్చిన షెర్లాక్ హోమ్స్ ఆ గాథను విప్పి దాని వెనుక ఉన్న మనిషి స్వార్థాన్ని బయటపెడతాడు.

ఈ నవలలో స్థలానిది దాచే పని. నగరం నుంచి వచ్చిన హేతువుది వెలికితీసే పని. స్థానికులు నమ్మేవారు, భయపడేవారు. పరిశోధకుడు ఆలోచించేవాడు. హోమ్స్ బీడులోని రాతిగుడిసెలో రహస్యంగా కొన్నాళ్ళు గడిపినప్పటికీ, ఆ నేల గురించి అక్కడివారికి ఉన్న తెలివి కథలో నిర్ణాయకం కాదు. బురదనేలలో దారి తెలిసిన పాత్ర ఒకటి ఉంది. ఆ పాత్ర ప్రతినాయకుడు కావడం గమనార్హం. నేలను చదవగలగడం ఇక్కడ నేరానికి ఉపకరించిన నైపుణ్యంగానే కనిపిస్తుంది.

అయితే పరిశోధకుడి హేతువుకు మూలం ఎక్కడ ఉంది? ఇటలీ చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్ 1979లో ప్రచురించిన వ్యాసంలో, చిన్న ఆనవాళ్ళ నుంచి పెద్ద నిజాన్ని ఊహించే పద్ధతికి మూలం వేటగాడి జ్ఞానంలో ఉందని వాదించాడు. బురదలో జాడ, విరిగిన కొమ్మ, రాలిన వెంట్రుక ఆధారంగా కనబడని జంతువును ఊహించిన మనిషే తొలి పరిశోధకుడు. హోమ్స్ చేసేదీ అదే పని. ఈ దృష్టితో చూస్తే నగర పరిశోధకుడు పల్లెకు తీసుకువచ్చిన హేతువు పల్లె నుంచి, అడవి నుంచి వెళ్ళినదే. దాని అసలు యజమానులే ఆ నవలలో మూఢవిశ్వాసులుగా మిగిలారు. ఈ వైరుధ్యాన్ని కథకు కేంద్రం చేసినది తొంభై ఏళ్ళ తరువాత వచ్చిన పీటర్ హోయ్ నవల.

3. పైకప్పు మీది అడుగులు – పీటర్ హోయ్ నవల:

3.1. కథావస్తువు:

డేనిష్ భాషలో 1992లో వెలువడిన ఈ నవల అమెరికాలో ‘స్మిల్లాస్ సెన్స్ ఆఫ్ స్నో’ అన్న పేరుతో ఆంగ్ల పాఠకులకు చేరింది. 1997లో బిల్లె ఆగస్ట్ దర్శకత్వంలో చలనచిత్రంగానూ వచ్చింది. నవల నగరం, సముద్రం, మంచు అనే మూడు భాగాలుగా సాగుతుంది.

కోపెన్‌హాగన్‌లో డిసెంబరు చలిలో యెసాయా అనే చిన్న పిల్లవాడి అంత్యక్రియలతో కథ మొదలవుతుంది. అతడు గ్రీన్‌లాండ్ నుంచి వచ్చిన కుటుంబానికి చెందినవాడు. తండ్రి లేడు. తల్లి తాగుడుకు బానిస. మంచు కప్పిన ఎత్తైన పైకప్పు మీద నుంచి పడి చనిపోయాడు. కప్పు మీద అతడి అడుగులు తప్ప మరొకరివి లేవు కాబట్టి ఆడుకుంటూ జారిపడ్డాడని పోలీసులు తేల్చారు. అదే భవనసముదాయంలో ఉండే స్మిల్లా ఆ అడుగులను చూసి వేరే నిర్ణయానికి వస్తుంది. ఆమె తల్లి గ్రీన్‌లాండ్ వేటగత్తె, తండ్రి డేనిష్ వైద్యుడు. ఆ బాబుకు ఎత్తులంటే భయమని ఆమెకు తెలుసు. ఆడుకునే పిల్లల అడుగులు అంచు వైపు నేరుగా సాగవనీ తెలుసు. బాబు భయపడి పరుగెత్తాడన్నది ఆమె చదివిన అర్థం. అక్కడి నుంచి మొదలైన అన్వేషణ ఒక గనుల సంస్థ చరిత్ర గుండా, ఒక ఓడ ప్రయాణం గుండా సాగి గ్రీన్‌లాండ్ సమీపంలోని మంచుదీవిలో ముగుస్తుంది.

3.2. మంచు – ఒక లిపి:

ఈ నవలలో మంచు వర్ణన చాలాచోట్ల ఉన్నా అది నేపథ్యచిత్రంగా నిలిచిపోదు. రాలే మంచుకు ఒక పేరు, సముద్రం మీద పేరుకునే మంచుకు మరొక పేరు, పాదం మోపితే నిలిచే మంచుకూ కుంగే మంచుకూ వేరువేరు గుర్తులు ఉంటాయి. ఈ భేదాలు స్మిల్లాకు చిన్ననాట తల్లి వెంట తిరిగినప్పుడు అబ్బాయి. తరువాత హిమశాస్త్ర అధ్యయనంలో అవే భేదాలు కొలతలుగా, గణితంగా మారాయి. బాబుకు ఆమె చదివి వినిపించినది యూక్లిడ్ రేఖాగణితం కావడం కాకతాళీయం అనిపించదు. వేటగాళ్ళ అనుభవమూ, గ్రీకు గణితమూ ఆమెలో ఒకే జ్ఞానానికి రెండు చేతులుగా పనిచేస్తాయి.

నవల శీర్షికలోని ‘సెన్స్’ అన్న మాటను పుట్టుకతో వచ్చిన ఇంద్రియశక్తిగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. ఆదివాసి సమాజాల తెలివిని శ్రమఫలంగా గుర్తించకుండా రక్తంలో ఉన్న గుణంగా మెచ్చుకోవడం వలస ఆలోచనలో పాత అలవాటు. స్మిల్లా పాత్రను నిశితంగా చూస్తే ఆమె మంచుజ్ఞానం నేర్చుకున్నది, సాధన చేసినది, మరచిపోతానేమోనని భయపడినది. ఏ భాషలో ఆ పేర్లు నేర్చుకుందో ఆ భాష తనకు దూరమవుతోందన్న బాధ నవల మొదటి పుటల్లోనే వ్యక్తమవుతుంది. జ్ఞానం పోతే సాక్షి పోతాడన్న ఆందోళన ఈ బాధలో ఇమిడి ఉంది.

3.3. తెలియడం – రుజువు కావడం:

స్మిల్లా మొదటి రోజునే నిజం గ్రహించింది. కాబట్టి సంప్రదాయ అర్థంలో రహస్యం ఎక్కువ కాలం నిలవకూడదు. నవల ఇంత దూరం సాగడానికి కారణం ఆమెకు తెలిసినది ఎవరికీ ఆధారంగా కనబడకపోవడమే. ఆమె ఫిర్యాదు చేస్తుంది, సమాధానాలు మర్యాదగా వస్తాయి, దర్యాప్తు మాత్రం ముందుకు కదలదు. చివరకు ఆమెనే జైలులో పెడతామన్న బెదిరింపు వస్తుంది. విశాలమైన మంచుమైదానంలో పెరిగిన మనిషికి నాలుగు గోడల మధ్య బంధం ఎంత దుర్భరమో అధికారులకు తెలుసు. ఆమె సంస్కృతి గురించిన జ్ఞానం వారి దగ్గరా ఉంది. దానిని వారు ఆయుధంగా వాడారు. ఆమె జ్ఞానం మాత్రం సాక్ష్యంగా చెల్లలేదు. నవలలోని అత్యంత పదునైన రాజకీయ పరిశీలన ఇదే.

దీనికి చారిత్రక పూర్వరంగం ఉంది. గ్రీన్‌లాండ్ 1953 వరకు డెన్మార్క్ వలస. 1979లో స్థానిక స్వపరిపాలన వచ్చింది. అల్యూమినియం తయారీలో వాడే క్రయొలైట్ ఖనిజం అక్కడి ఇవిట్టూట్ గనిలో దీర్ఘకాలం తవ్వారు. ఆ గని 1987లో మూతపడింది. నవలలోని గనుల సంస్థకు ఈ వాస్తవ చరిత్రే పునాది. నేల నుంచి ఖనిజం తీసుకున్నవారు నేల మాటను వినలేదన్న అర్థం కథలో అంతర్వాహినిగా సాగుతుంది. బాబు మృతదేహం నుంచి కండరపు ముక్కను తీసుకున్న వైద్యులు అతడి అడుగుజాడలను చదవడానికి నిరాకరించిన తీరు ఈ అర్థాన్ని బలపరుస్తుంది. దేహం వారికి నమూనా అయింది, అడుగు మాత్రం ఆధారం కాలేకపోయింది.

3.4. పరిమితులు:

నవలకు లోపాలు లేకపోలేదు. మూడవ భాగంలో ఉల్కాశకలం, ప్రాణాంతకమైన పరాన్నజీవి వంటి అంశాలు ప్రవేశించడంతో కథ శాస్త్రకల్పన వైపు ఒరుగుతుంది. నగర భాగంలో కార్యాలయాల మధ్య, ఫైళ్ళ మధ్య సాగిన నిశ్శబ్దహింస అంతటి పెద్ద రహస్యం ముందు కొంత చిన్నబోతుంది. ఒక డేనిష్ పురుష రచయిత సగం గ్రీన్‌లాండ్ స్త్రీ గొంతుతో ఉత్తమపురుషలో మాట్లాడడం ఎంతవరకు ఆమోదయోగ్యమన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఇతరుల నోరు నొక్కిన చరిత్ర గురించి రాస్తూ వారి గొంతును అరువు తెచ్చుకోవడంలోని చిక్కును ఈ నవల పూర్తిగా దాటలేదు.

ముగింపు విషయంలో మాత్రం రచయిత నిలకడ చూపాడు. ప్రతినాయకుడు మంచు మీదకు పారిపోతాడు. ఎక్కడ కొత్త మంచు పలుచగా ఉంటుందో తెలిసిన స్మిల్లా అతడిని అటువైపు మళ్ళిస్తుంది. న్యాయస్థానం, తీర్పు, ఒప్పుకోలు ఏవీ ఉండవు. మొదట్లో సాక్ష్యంగా చెల్లని జ్ఞానం చివరలో ఆమెకు ఏకైక సాధనంగా మిగిలింది. దీనిని న్యాయవిజయంగా చదవడం కంటే న్యాయవ్యవస్థ వైఫల్యానికి గుర్తుగా చదవడం సమంజసం.

4. ముందే సిద్ధమైన నిందితుడు:

ఆన్ క్లీవ్స్ రాసిన ‘రేవెన్ బ్లాక్’ (2006) స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల నేపథ్యంలో సాగుతుంది. మంచు కప్పిన పొలంలో ఒక యువతి శవం కనబడుతుంది. ఊరంతా వెంటనే మాగ్నస్ టెయిట్ అనే ఒంటరి వృద్ధుణ్ణి అనుమానిస్తుంది. చాలా ఏళ్ళ కిందట ఒక బాలిక అదృశ్యమైనప్పుడూ వేళ్ళన్నీ అతడి వైపే చూపాయి. పరిశోధకుడు జిమ్మీ పెరెజ్ అదే దీవుల సముదాయంలోని ఫెయిర్ ఐల్ నుంచి వచ్చినవాడు. అక్కడివారికి అతడు పూర్తిగా పరాయి కాడు, పూర్తిగా తమవాడూ కాడు. హంతకుణ్ణి పట్టుకోవడంతో పాటు ఊరి నిశ్చయాన్ని సడలించడం కూడా అతడి పనిలో భాగమవుతుంది. యువతి హత్యలో ఆ వృద్ధుడు దోషి కాదని చివరకు తేలుతుంది.

హోయ్ నవలలో తెలిసినది రుజువు కాలేదు. క్లీవ్స్ నవలలో రుజువు కానిదే తెలిసినదిగా చెలామణి అయింది. ఈ రెండూ ఒకే రుగ్మతకు రెండు రూపాలు. దక్షిణ భారతంలో ఈ రెండవ రూపానికి చట్టబద్ధత కూడా ఉండేది. వలసప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఎరుకల వంటి సంచార సమూహాల్లో పుట్టినవారు పుట్టుకతోనే అనుమానితులయ్యారు. దేశవ్యాప్తంగా ఆ చట్టం 1952లో రద్దయినా, నిందితుణ్ణి ముందే సిద్ధం చేసుకునే అలవాటు రద్దు కాలేదు. దారులూ, జాడలూ బాగా తెలిసిన సమూహాలే జాడ తీయవలసిన మనుషులుగా నమోదు కావడం, డార్ట్‌మూర్ నవలలో గమనించిన వైరుధ్యానికి చారిత్రక రూపం.

5. తెలుగు అపరాధ పరిశోధక నవల – స్థలం:

తెలుగులో ఈ ప్రక్రియ అనువాదాలతో మొదలైంది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాల్లో బెంగాలీ రచయిత పాంచ్‌కొడి దే నవలలు తెలుగు పాఠకులకు చేరాయి. తరువాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతడి సహాయకుడు రాజు తెలుగు పాఠకుల ఇళ్ళలో సుపరిచితులయ్యారు. టెంపోరావు వంటి రచయితలు ఈ ప్రక్రియకు విస్తృతమైన పాఠకవర్గాన్ని సమకూర్చారు. మధుబాబు షాడో నవలలు కథను గూఢచర్యం వైపు, దేశవిదేశాల వైపు మళ్ళించాయి. అద్దె పుస్తకాల దుకాణాల కాలంలో చదివే అలవాటు నిలబడడానికి ఈ నవలలు చేసిన మేలు తక్కువది కాదు.

అయినా స్థలం విషయంలో ఈ సంప్రదాయం ఎక్కువగా నగరాన్నే ఆశ్రయించింది. యుగంధర్ కార్యక్షేత్రం మద్రాసు. కారు, టెలిఫోను, హోటలు, బంగళా కథను నడిపే సామగ్రి. ఇందుకు కారణాలు సులభంగానే గ్రహించవచ్చు. ప్రచురణ కేంద్రాలు నగరాల్లో ఉన్నాయి. ఆధునిక జీవితం పట్ల కుతూహలంతోనే పాఠకుడు ఆ పుస్తకం చేతిలోకి తీసుకునేవాడు. పల్లె వచ్చినప్పుడు అది తరచుగా పాడుబడిన బంగళాగా, దయ్యాల కథగా వచ్చింది. అంటే తెలుగు నవల డార్ట్‌మూర్ నమూనాను స్వీకరించింది: స్థలం భయపెడుతుంది, నగరం నుంచి వచ్చినవాడు వివరిస్తాడు. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ చలనచిత్రం నెల్లూరు వంటి పట్టణంలో ఒక డిటెక్టివ్‌ను నిలబెట్టి ఆదరణ పొందడం, నగరేతర స్థలానికి పాఠకుడూ ప్రేక్షకుడూ సిద్ధంగానే ఉన్నారని సూచిస్తుంది.

6. రహస్యం లేని నేల – ఫాక్షన్ సూత్రం:

రాయలసీమ విషయంలో ఈ లోటుకు మరొక కారణం తోడైంది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ వంటి చలనచిత్రాల విజయంతో సీమ హత్యకు ఒక స్థిరమైన రూపం ఏర్పడింది. ఈ సూత్రంలో హత్య పట్టపగలు, జనం మధ్య జరుగుతుంది. చంపినవాడెవరో అందరికీ తెలుసు, ఎందుకు చంపాడో కూడా తెలుసు. మిగిలినది ప్రతీకారం ఎప్పుడన్న ప్రశ్న ఒక్కటే. ఎవరు, ఎలా అన్న ప్రశ్నలకు చోటు లేని చోట పరిశోధన అవసరం ఉండదు. పరిశోధన అవసరం లేని నేలలో ఆలోచించే మనిషి కూడా అవసరం ఉండడు.

ఈ సూత్రం సీమకు చేసిన అన్యాయాన్ని సాధారణంగా హింసాచిత్రణ పరంగా చర్చిస్తారు. అంతకంటే లోతైన నష్టం మరొకటి ఉంది. ప్రతి చావుకూ ముందే ఒక కారణం సిద్ధంగా ఉండడం వల్ల, ఏ చావునూ ప్రశ్నగా చూసే అవకాశం పోయింది. షెట్లాండ్ నవలలోని వృద్ధుడి స్థితే ఇక్కడ ఒక ప్రాంతమంతటిదీ. ఆరిపోయిన బోరుబావి పక్కన కనబడిన రైతు శవం, చెరువులో తేలిన కోడలి శవం, వలసపోయి తిరిగి రాని కూలి – ఇవన్నీ ‘కక్ష’, ‘కరువు’, ‘కడుపునొప్పి’ అన్న మాటల కింద మూసుకుపోతాయి.

ఫాక్షన్ ఒక చారిత్రక వాస్తవం కాదని చెప్పడం ఈ వాదం ఉద్దేశం కాదు. ఆ వాస్తవంలోనే నిజమైన రహస్యం ఉంది. ఊరందరికీ తెలిసిన విషయం న్యాయస్థానంలో ఒక్కరి నోటా రాదు. సాక్షులు ఎదురు తిరుగుతారు. తెలిసినది రుజువు కాకపోవడం ఇక్కడ భయం వల్ల, కూలి పోతుందన్న బెంగ వల్ల, కులసంబంధాల వల్ల జరుగుతుంది. కాబట్టి సీమ అపరాధ పరిశోధక నవల వేయవలసిన ప్రశ్న ‘ఎవరు చంపారు’ అన్నదానితో ఆగదు. ‘తెలిసినవారు ఎందుకు చెప్పలేరు, చెబితే ఎవరు వింటారు’ అన్నది దాని కేంద్రప్రశ్న. కోపెన్‌హాగన్‌లో స్మిల్లా ఎదుర్కొన్నదీ ఈ ప్రశ్ననే.

7. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం – నేల చదువు:

బెంగళూరు–గుంతకల్లు రైలుమార్గం మీద వరుసగా వచ్చే ఈ మూడు పట్టణాలూ 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. బెంగళూరు నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. ఈ ప్రాంతాన్ని మారుమూల అనడానికి భౌగోళిక కారణం కంటే, ఏ రాజధాని నుంచి కొలుస్తున్నామన్నదే ముఖ్యం. గ్రీన్‌లాండ్ కూడా కోపెన్‌హాగన్ నుంచి కొలిచినప్పుడే దూరప్రాంతం. అక్కడి వేటగాడికి కోపెన్‌హాగనే దూరం.

ఇక్కడ మంచులిపి లేదు. నేలకు వేరే లిపి ఉంది. ఈ ప్రాంత రైతు వానను ‘పదును’తో కొలుస్తాడు. విత్తనం పడడానికి సరిపడా నేల తడిసిందా లేదా అన్నది ఆ మాటలోని అర్థం. వాన ఒక ఊరిలో కురిసి పొలిమేర దాటకపోవడం ఇక్కడ సర్వసాధారణం. వాన అరుదైన చోట కురిసిన ప్రతి వానా తేదీగా గుర్తుండిపోతుంది. ఫలానా రోజు పొద్దున వేరుశనగ విత్తుతున్నానని ఒక వ్యక్తి చెప్పాడనుకుందాం. ఆ రోజుకు అతడి ఊరిలో పదును కాలేదని పక్క పొలం రైతుకు తెలుసు. ఆ మాట అబద్ధమని తేల్చడానికి వేరే ఆధారం అక్కరలేదు. పెన్నా, చిత్రావతి ఎండిన ఇసుకలో బరువు మోసిన మనిషి అడుగుకూ, ఖాళీ చేతులతో నడిచిన మనిషి అడుగుకూ తేడా గొర్రెల కాపరి చెప్పగలడు.

శ్రమలన్నీ ఒక విధంగా గడియారాలే. ధర్మవరంలో గుంటమగ్గం మీద నేసిన చీర పొడవు నేతగాడు ఎన్ని గంటలు కూర్చున్నాడో చెబుతుంది. పడుగూ పేకా మధ్య తెగిన చోటు, ముడి వేసిన తీరు, నేత బిగువులో మార్పు చేయి మారిందా అన్న విషయాన్ని అనుభవజ్ఞుడికి తెలియజేస్తాయి. హిందూపురం పరిసరాల్లో పట్టుపురుగుల పెంపకం మరొక ఉదాహరణ. చివరి దశలో పురుగులకు రేయింబవళ్ళు మల్బరీ ఆకు అందించాలి. ఆ రాత్రుల్లో ఆ ఇంటివారు ఎక్కడ ఉన్నారన్నది పురుగులే చెబుతాయి. పురుగుమందు వాసన తగిలినా పట్టుపురుగు తట్టుకోలేదు. ఒక్క రాత్రిలో చచ్చిన పురుగులు పక్క తోటలో ఎవరో మందు కొట్టారనడానికి ఆనవాలు కావచ్చు. ఇటువంటి వివరాలు నవలలో స్థానికతను అలంకరించే రంగులుగా మిగిలిపోకుండా కథను మలుపు తిప్పే ఆధారాలుగా మారినప్పుడే స్థలం నిజంగా కథలో ప్రవేశించినట్టు.

ఈ ప్రాంత సాహిత్యానికి ఆనవాళ్ళను చదివే చూపు కొత్తది కాదు. 1565 నాటి యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. ఆ కోట శిథిలాల మధ్య పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) చిన్న వయసులోనే ‘పెనుగొండలక్ష్మి’ కావ్యం రాశారు. తరువాత ఆయన రాసిన విద్వాన్ పరీక్షకు అదే పాఠ్యగ్రంథం కావడం ప్రసిద్ధం. కూలిన గోడ ముందు నిలబడి జరిగినదాన్ని ఊహించడం కవికీ పరిశోధకుడికీ ఉమ్మడి పని. కవి విలపిస్తాడు, పరిశోధకుడు విచారిస్తాడు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ అనంతపురం ప్రాంతపు గతాన్ని రాజుల కథగా కాక అట్టడుగు మనుషుల కథగా తవ్వి చూపి, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ గొర్రెల కాపరుల అడవిజ్ఞానాన్ని నవలకు వెన్నెముకగా నిలిపింది. ఈ రెండూ అపరాధ పరిశోధక నవలలు కావు. అయినా సీమనేలను చదివే తెలివిని గౌరవించిన రచనలుగా, రాబోయే పరిశోధక నవలకు ఇవి పూర్వరంగం.

చట్టం వైపు నుంచి కూడా ఒక అంశాన్ని గమనించాలి. 1872 నాటి సాక్ష్యాధార చట్టం 45వ విభాగం శాస్త్రంలోనో కళలోనో ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారి అభిప్రాయాన్ని పరిగణించదగినదిగా చెప్పింది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఆ జాబితాకు ‘మరే ఇతర రంగమైనా’ అన్న అర్థం ఇచ్చే మాటలు చేర్చింది. గొర్రెల కాపరి, నేతగాడు, పట్టురైతు నిపుణులుగా బోను ఎక్కగలరా అన్న ప్రశ్నకు చట్టం తలుపు పూర్తిగా మూయలేదు. ఆ తలుపు తట్టే పాత్ర మాత్రం తెలుగు నవలలో ఇంకా తగిన స్థాయిలో రూపుదిద్దుకోలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. హోయ్ నవల విషయంలో చర్చించిన ప్రమాదమే ఇక్కడా ఉంది. కాపరినో నేతగాడినో నేలతల్లి రహస్యాలు తెలిసిన మహిమాన్వితుడిగా చిత్రిస్తే, అది ఫాక్షన్ సూత్రానికి తిరగేసిన రూపమే అవుతుంది. కాపరి పొరబడవచ్చు. పక్షపాతంతో చెప్పవచ్చు, భయపడి మాట మార్చవచ్చు. ఆ పొరపాటుకూ భయానికీ చోటు ఇచ్చినప్పుడే అతడు పూర్తి మనిషిగా నవలలో నిలుస్తాడు.

8. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా కింది అంశాలను ప్రతిపాదించవచ్చు.

• శీతలప్రాంత అపరాధ పరిశోధక నవలలో వాతావరణం కేవలం ఉత్కంఠకు సాధనం కాదు. ఉత్తమ రచనల్లో అది చదవవలసిన లిపి. దానిని చదవగలవారికీ, చదవలేక అధికారం చలాయించేవారికీ మధ్య ఘర్షణే కథ.

• ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ నుంచి పీటర్ హోయ్ నవల వరకు జరిగిన ముఖ్యమైన మార్పు పరిశోధకుడి చిరునామాలో ఉంది. నగరం నుంచి దూరప్రాంతానికి వెళ్ళిన హేతువు స్థానంలో, దూరప్రాంతం నుంచి నగరానికి వచ్చిన జ్ఞానం నిలిచింది.

• తెలుగు అపరాధ పరిశోధక నవల ప్రధానంగా మొదటి నమూనాను అనుసరించింది. రాయలసీమ విషయంలో ఫాక్షన్ సూత్రం ప్రతి హత్యకూ ముందే సమాధానం చెప్పి, ప్రశ్నించే అవకాశాన్ని తొలగించింది.

• హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల వ్యవసాయం, చేనేత, పట్టుపరిశ్రమ, పశుపోషణల్లో ఆనవాళ్ళను చదివే సునిశితమైన పద్ధతులు ఉన్నాయి. వీటికి సంబంధించిన పదజాలాన్ని సేకరించడం, ఆ పదాల వెనుక ఉన్న పరిశీలనను నమోదు చేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన. ‘పదును’ వంటి ఒక్క మాట వాడుక తప్పినా, దానితో పాటు ఒక సాక్ష్యం తప్పిపోతుంది.

కోపెన్‌హాగన్ పైకప్పు మీది అడుగులు ఒక్క స్త్రీ చదివింది కాబట్టి ఒక పిల్లవాడి చావు ప్రమాదంగా మిగిలిపోలేదు. సీమలో కక్ష పేరుతో, కరువు పేరుతో మూసిన చావుల పక్కన కూడా ఏవో అడుగులు ఉండి ఉంటాయి. వాటిని చదవగలవారు ఆ ఊళ్ళలోనే ఉన్నారు. వారి మాటను వినే నవల తెలుగులో రావలసి ఉంది.